ఫిఖ్హ్ క్లాసులో ప్రశ్నకు చోటిచ్చిన హైదరాబాదీ: డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్

వుజూలో ఫర్జులు నాలుగు, గుస్ల్‌లో ఫర్జులు మూడు. మన ఇళ్లలో పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా ఈ లెక్క చెప్పేస్తారు. మక్తబ్‌లో నేర్పిన ఫిఖ్హ్ అది. మంచిదే, పునాది ఉండాలి. కానీ ఇంటర్ దాటి డిగ్రీకో, ఇంజనీరింగ్‌కో, లా కాలేజీకో వెళ్లాక చాలామందికి ఫిఖ్హ్ ఆ లెక్క దగ్గరే ఆగిపోతుంది. కాలేజీలో కాంట్రాక్టు చట్టం చదువుతారు, భాగస్వామ్య చట్టం చదువుతారు, అంతర్జాతీయ ఒప్పందాల గురించి చదువుతారు. ఇవన్నీ మన ఇస్లామీయ ధర్మశాస్త్రంలో పన్నెండు వందల ఏళ్ల కిందటే చర్చకు వచ్చిన విషయాలని వాళ్లకు చెప్పే మనిషి దొరకడు.

ఈ రెండు చదువుల మధ్య గోడ లేదని చూపించిన మనిషి ఒకరు మన ఊళ్లోనే పుట్టారు. పాతబస్తీలోని జామియా నిజామియాలో చదివారు, ఉస్మానియాలో చదివారు, అక్కడే పాఠాలు చెప్పారు. తర్వాత ఇస్తాంబుల్ దాకా, పారిస్ దాకా, బహావల్‌పూర్ దాకా యూనివర్సిటీ విద్యార్థుల ముందు నిలబడి ఫిఖ్హ్‌ను ఒక సజీవమైన శాస్త్రంగా వివరించారు. ఆయనే డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్. అరబ్ దేశాల్లో, టర్కీలో, ఫ్రాన్స్‌లో ఆయన పేరు తెలియని ఇస్లామీయ విద్యార్థి అరుదు. చార్మినార్ చుట్టుపక్కల అడిగి చూడండి, పాత తరం వాళ్లు తప్ప ఎంతమంది చెప్పగలరో.

హమీదుల్లాహ్ 1908 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో పుట్టారు. ఇంట్లో అందరికంటే చిన్నవారు. వీళ్లది నవాయతీ పండితుల కుటుంబం. తాత ముహమ్మద్ సిబ్గతుల్లాహ్ మద్రాసులో ఖాజీ, బద్రుద్దౌలా అనే బిరుదుతో ప్రసిద్ధులు. తండ్రి ముహమ్మద్ ఖలీలుల్లాహ్ నిజాం ప్రభుత్వ రెవెన్యూ శాఖలో అధికారి. ఒకవైపు ఖాజీ కుటుంబపు పుస్తకాలు, ఇంకోవైపు సర్కారు కాగితాలు, ఫైళ్లు. ఆ ఇంట్లో పెరిగిన పిల్లవాడికి చట్టం అనేది రెండు వైపుల నుంచీ కనిపించి ఉంటుంది.

మొదటి చదువు ఇంట్లోనే. తర్వాత సాలార్ జంగ్ కాలంలో మొదలైన దారుల్ ఉలూమ్‌లో. ఆ తర్వాత షిబ్లీగంజ్‌లోని జామియా నిజామియాలో. మౌలానా అన్వారుల్లాహ్ ఫారూఖీ స్థాపించిన మద్రసా అది. ఆయన 1918లో కన్నుమూశారు. హమీదుల్లాహ్ చదివే నాటికి ఆయన పెట్టిన చదువు క్రమమే అక్కడ నడుస్తోంది. అరబీ వ్యాకరణం, తఫ్సీర్, హదీసు, హనఫీ ఫిఖ్హ్, ఉసూలె ఫిఖ్హ్. మౌల్వీ కామిల్ పట్టా తీసుకుని ఆయన అక్కడి నుంచి బయటికొచ్చారు. ఇంతవరకు ఆ రోజుల్లో చాలామంది చేసిన ప్రయాణమే.

అసలు కథ ఉస్మానియాలో మొదలైంది. ఆ యూనివర్సిటీ గురించి ఇక్కడ నాలుగు మాటలు చెప్పుకోవాలి. 1917లో ఏడో నిజాం ఫర్మానా, 1918లో స్థాపన. పై చదువులన్నీ ఉర్దూలో. వైద్యం, చట్టం, గణితం పుస్తకాలను ఉర్దూలోకి తేవడానికి దారుత్తర్జుమా అని ఒక అనువాద శాఖనే పెట్టారు. ముస్లిం విద్యార్థులకు దీనియాత్ తప్పనిసరి పాఠం, మిగతా వాళ్లకు దాని స్థానంలో అఖ్లాఖియాత్. అంటే బీఏ చదివే కుర్రాడు కూడా కొంత ఫిఖ్హ్ చదవాల్సిందే. తప్పనిసరి పాఠం అనగానే విద్యార్థి మొహం ఎలా పెడతాడో మనకు తెలుసు. మార్కులకు సరిపడా చదివి వదిలేస్తాడు. మౌలానా మనాజిర్ అహ్సన్ గిలానీ లాంటి ఉస్తాదులు అక్కడ ఉండబట్టి కథ వేరేగా నడిచింది. గిలానీ సాహెబ్ దేవ్‌బంద్‌లో చదివి వచ్చినవారు. చరిత్ర, ఆర్థిక విషయాలు, సమాజం అన్నీ కలిపి దీన్ పాఠం చెప్పేవారని పేరు. హమీదుల్లాహ్ ఆయన శిష్యుల్లో ఒకరు.

ఉస్మానియాలో హమీదుల్లాహ్ ఒకేసారి రెండు పడవల్లో కాళ్లు పెట్టారు. మనం మామూలుగా వద్దని చెప్పే పని అది. ఒక క్లాసులో ఫిఖ్హ్, ఉసూలె ఫిఖ్హ్. ఇంకో క్లాసులో లా, అందులో అంతర్జాతీయ చట్టం. అక్కడ ఆయనకు ఒక సంగతి తట్టింది. అంతర్జాతీయ చట్టం పాఠ్యపుస్తకాలు గ్రీకుల దగ్గర మొదలై, రోమన్ల మీదుగా, ఒక్క గంతులో ఆధునిక యూరప్‌కి వచ్చేస్తున్నాయి. మధ్యలో వెయ్యేళ్లు ఖాళీ. ఆ వెయ్యేళ్లలో దేశాల మధ్య యుద్ధాలు జరగలేదా, సంధులు జరగలేదా, రాయబారులు తిరగలేదా? పక్క క్లాసులో ఆయన చదువుతున్న ఫిఖ్హ్ గ్రంథాల్లో సియర్ అనే అధ్యాయమే ఉంది. యుద్ధంలో ఎవరి మీద చేయి వేయకూడదు, ఖైదీలను ఎలా చూడాలి, పరాయి దేశపు వర్తకుడికి ఇచ్చిన అభయానికి విలువెంత, ఒప్పందం ఎప్పుడు రద్దవుతుంది, ఇలాంటివన్నీ అందులో ఉన్నాయి. ఒక క్లాసులో ఖాళీగా ఉన్న పేజీ ఇంకో క్లాసులో నిండుగా ఉందన్నమాట.

ఇక్కడ మన ఊరి గొప్పతనం ఒకటి చెప్పకుండా ఉండలేను. ఆ సియర్ శాస్త్రానికి మూలగ్రంథం లాంటిది ఇమామ్ ముహమ్మద్ అష్‌షైబానీ (రహ్మలై) రాసిన 'అస్సియరుల్ కబీర్'. ఆయన ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) శిష్యుడు. హిజ్రీ 189లో, అంటే 805లో చనిపోయారు. ఆ గ్రంథానికి ఇమామ్ సరఖ్సీ (రహ్మలై) రాసిన వ్యాఖ్యానం హిజ్రీ 1335–36లో నాలుగు సంపుటాలుగా అచ్చయింది. అచ్చువేసింది మన హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్. కుర్రవాడైన హమీదుల్లాహ్‌కు తన ప్రశ్నకు కావలసిన పుస్తకం సొంత ఊళ్లోనే అచ్చయి దొరికింది.

సరఖ్సీ గురించి హమీదుల్లాహ్ తర్వాత చాలాసార్లు చెప్పేవారు. విన్న విద్యార్థి ఎవరూ మర్చిపోలేని కథ అది. ఈనాటి కిర్గిజ్‌స్తాన్‌లోని ఉజ్‌గంద్‌లో పాలకుడు ఆయన్ని ఖైదు చేశాడు. ఖైదు అంటే నేల కింద, బావి లాంటి గోతిలో. శిష్యులు పైన గట్టు మీద కూర్చునేవారు. ఆయన కింద నుంచి చెబుతుంటే వీళ్లు రాసుకునేవారు. ముప్పై సంపుటాల 'అల్ మబ్సూత్'లో ఎక్కువ భాగం అలా తయారైందే. సియర్ వ్యాఖ్యానం కూడా ఆ ఖైదులోనే మొదలుపెట్టారు. చేతిలో పుస్తకం లేకుండా, ముఖాలు కూడా కనిపించని శిష్యులకు చెప్పిన పాఠాలు. ఏసీ గదిలో ప్రొజెక్టర్ పెట్టుకుని కూడా క్లాసును మెలకువగా ఉంచలేని మనం కాస్త ఆలోచించాల్సిన విషయమే.

1930 నాటికి ఎంఏ, ఎల్‌ఎల్‌బీ పూర్తయ్యాయి. తర్వాత యూరప్ ప్రయాణం. జర్మనీలోని బాన్ యూనివర్సిటీలో ఇస్లామీయ అంతర్జాతీయ చట్టంలో తటస్థత అనే అంశం మీద పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నారు. ఇద్దరు కొట్టుకుంటున్నప్పుడు మూడో వాడు ఎవరి వైపూ వెళ్లకుండా ఉంటే వాడి హక్కులేంటి, బాధ్యతలేంటి అన్నది ఆ అంశం. అప్పటికి తటస్థత అనేది యూరప్ కొత్తగా కనిపెట్టిన భావన అని చాలామంది అనుకునేవారు. హమీదుల్లాహ్ ఖుర్ఆన్ నుంచి, సీరత్ నుంచి, ఫిఖ్హ్ గ్రంథాల నుంచి ఆధారాలు తీసి ముందు పెట్టారు. ఆ వెంటనే పారిస్‌లోని సోర్బన్‌లో రెండో డాక్టరేట్, 1935లో. ఈసారి విషయం దైవప్రవక్త (స) కాలంలోనూ ఖులఫాయె రాషిదీన్ కాలంలోనూ నడిచిన దౌత్యం, ఆ ఉత్తరాలు, సంధి పత్రాలు. ఈ పత్రాలన్నిటినీ అరబీలో ఒకచోట చేర్చి 1941లో కైరోలో అచ్చువేయించారు. ఈ రోజుకీ ఆ సంకలనం లేకుండా ఆ కాలం మీద ఎవరూ పరిశోధన చేయలేరు.

రెండు యూరప్ డాక్టరేట్లతో తిరిగొచ్చి హమీదుల్లాహ్ ఉస్మానియాలోనే చేరారు. పదేళ్లకు పైగా అక్కడ దీనియాత్, అంతర్జాతీయ చట్టం బోధించారు. ఆయన రాసిన పుస్తకాల వరుస చూస్తేనే పాఠం ఎలా చెప్పేవారో అర్థమవుతుంది. లా విద్యార్థుల కోసం ఉర్దూలో అంతర్జాతీయ చట్టం పుస్తకం రాశారు. దాని పేరులోనే సూత్రాలు, నజీర్లు అని రెండూ ఉన్నాయి. నజీర్ అంటే ముందు జరిగిన కేసు. సూత్రం చెప్పి వదిలేయకుండా, అది ఎక్కడ, ఎవరి మధ్య, ఏ గొడవలో పుట్టిందో చూపించడం. ఇంగ్లీషులో రాసిన 'ముస్లిం కాండక్ట్ ఆఫ్ స్టేట్' కూడా అదే పద్ధతి. ముందు మన ఊరి నుంచే వెలువడే 'ఇస్లామిక్ కల్చర్' పత్రికలో భాగాలుగా వచ్చి, తర్వాత లాహోర్‌లో పుస్తకమైంది. శాంతి, యుద్ధం, తటస్థత అని విభాగాలు. అప్పటి లా కాలేజీల్లో నడిచే అంతర్జాతీయ చట్టం పుస్తకాల కూర్పే అది. అంటే విద్యార్థికి అలవాటైన అరల్లోనే ఫిఖ్హ్‌ను సర్ది పెట్టారు.

మదీనా ఒడంబడికను ఆయన చదివించిన తీరు దీనికి మంచి ఉదాహరణ. సీరత్ సభల్లో మనం దాని గురించి వింటూనే ఉంటాం. ప్రవక్త (స) మదీనాకు వచ్చాక ముహాజిర్లు, అన్సార్లు, యూదుల మధ్య ఒప్పందం చేశారని ఒక వాక్యంలో చెప్పి వక్త ముందుకెళ్లిపోతారు. హమీదుల్లాహ్ అక్కడే ఆగారు. దాన్ని ఒక చట్టపత్రంగా తీసుకుని, షరతు షరతుకీ నంబరు వేసి, 52 క్లాజులుగా విడగొట్టారు. రక్తపరిహారం ఎవరు కట్టాలి, యుద్ధ ఖర్చు ఎవరిది, తగవు వస్తే తీర్పు ఎవరి దగ్గర, ఎవరి మతం వారిదే అన్న మాట ఏ క్లాజులో ఉంది. ప్రపంచంలో రాతపూర్వకమైన మొదటి రాజ్యాంగం ఇదేనని ఆయన వాదించారు. ఆ వాదనతో ఏకీభవించని చరిత్రకారులున్నారు. పాత నగరాల్లో, రాజ్యాల్లో ఇలాంటి పత్రాలు ముందు కూడా ఉన్నాయని వాళ్లంటారు. ఆ చర్చ అలా ఉంచండి. ఒక లా విద్యార్థి చేతికి ఆ పత్రం ఇచ్చి, కంపెనీ మెమొరాండం చదివినట్టు చదవమంటే ఆ గంటలో అతను నేర్చుకునేది పది బయాన్లలో దొరకదని మాత్రం నేను నమ్ముతాను.

అలాంటిదే ఇంకోటి. బద్ర్, ఉహుద్, ఖందఖ్ యుద్ధాల గురించి రాయాల్సి వచ్చినప్పుడు ఆయన పుస్తకాల్లో ఉన్నది ఎత్తి రాసుకోలేదు. హిజాజ్ వెళ్లి ఆ మైదానాలు స్వయంగా తిరిగి, దూరాలు కొలిచి, పటాలు గీశారు. కొండ ఎక్కడ, నీళ్ల బావి ఎటువైపు, సైన్యం ఏ దారిలో వచ్చి ఉండాలి. తర్వాత ఆ పటాలు ఎన్నో భాషల్లోని సీరత్ పుస్తకాల్లోకి వెళ్లాయి.

హైదరాబాద్ రోజుల్లోనే ఆయన రాసిన చిన్న ఉర్దూ పుస్తకం ఒకటుంది. ఇమామ్ అబూ హనీఫా ఇస్లామీయ చట్టాన్ని ఎలా క్రోడీకరించారన్నది దాని విషయం. నా దృష్టిలో ఫిఖ్హ్ బోధన గురించి ఆయన మనసులో ఏముందో ఆ పుస్తకమే బయటపెడుతుంది. అబూ హనీఫా (రహ్మలై) కూఫాలో బట్టల వ్యాపారి. కామర్స్ చదివిన నాకు ఈ మాట రాయడం కొంచెం గర్వంగానే ఉంది. అమ్మకం, అప్పు, భాగస్వామ్యం, సరుకులో లోపం, అడ్వాన్సు, ఇవన్నీ ఆయనకు దుకాణంలో రోజూ ఎదురయ్యేవి. హనఫీ ఫిఖ్హ్‌లో వ్యాపార అధ్యాయాలు అంత వివరంగా ఉన్నాయంటే ఊరికే కాదు. ఆయన పాఠం చెప్పే పద్ధతి కూడా వేరు. చుట్టూ నలభైమంది దాకా శిష్యులు. ఒకరికి హదీసు మీద పట్టు, ఒకరికి అరబీ భాష మీద, ఇంకొకరికి లెక్కల మీద. ఇమామ్ ఒక సమస్య మధ్యలో పెట్టేవారు. ఒక్కొక్కరు తమ వాదన చెప్పాలి. గురువుగారి అభిప్రాయాన్ని శిష్యుడు కాదనొచ్చు, చాలాసార్లు కాదన్నారు కూడా. ఒక్కో సమస్య రోజుల తరబడి నలిగేది. తేలాక అబూ యూసుఫ్ లాంటివారు రాసి పెట్టేవారు. జరిగిన సమస్యలే కాదు, జరగబోయేవి కూడా ఊహించి చర్చించేవారు. ఒకవేళ ఇలా అయితే ఏంటి అన్న ప్రశ్నకు అక్కడ చోటుండేది.

అంటే మన మజ్‌హబ్ పుట్టిందే ఒక సెమినార్ గదిలో. ఇప్పుడు అదే ఫిఖ్హ్‌ను ప్రశ్న అడగకూడని పాఠంగా నేర్పుతున్నాం. ఇది హమీదుల్లాహ్ మాట కాదు, ఆ పుస్తకం గురించి తెలుసుకున్నాక నాకు అనిపించింది.

డబ్బు విషయాలను కూడా ఆయన వదల్లేదు. 1936లోనే 'ఇస్లామిక్ కల్చర్'లో ఇస్లాం దృష్టిలో ఆర్థిక సమస్యలకు పరిష్కారం, అందులో శ్రామికుడి స్థానం గురించి వ్యాసం రాశారు. ఇస్లామిక్ ఎకనామిక్స్ అనే సబ్జెక్టు ఎక్కడా లేని రోజులవి. హైదరాబాద్‌లో వడ్డీ లేకుండా అప్పులిచ్చే సంఘాలు ఎలా నడుస్తున్నాయో చూసి 1944లో ఆజంగఢ్ పత్రిక 'మఆరిఫ్'లో రాశారు. సభ్యులు కొద్దికొద్దిగా పొదుపు చేస్తారు, అవసరమైన వాళ్లకు వడ్డీ లేకుండా అప్పు, వాయిదాల్లో తిరిగి చెల్లింపు. ఈ రోజు పాతబస్తీలో బంగారం తాకట్టు పెట్టి రోజు వడ్డీకి, వారం వడ్డీకి తెచ్చుకునే ఆటో డ్రైవర్‌కీ, తోపుడుబండి వ్యాపారికీ ఇది కొత్త కబురులా వినిపిస్తుంది. ఎనభై ఏళ్ల కిందట ఇదే ఊళ్లో నడిచిన పనే.

తర్వాత 1948 వచ్చింది.

ఆ ఏడాది ఏమైందో మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పిందే చాలు, ఇక్కడ పొడిగించను. సెప్టెంబర్ 13న పోలీస్ యాక్షన్ మొదలైంది, 17న నిజాం సైన్యం లొంగిపోయింది. ఆ రోజుల్లోనే నిజాం ప్రభుత్వం తరఫున మొయిన్ నవాజ్ జంగ్ నాయకత్వంలో ఒక బృందం పారిస్‌లో సమావేశమైన ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి ముందుకు వెళ్లింది. అంతర్జాతీయ చట్టం తెలిసినవారిగా హమీదుల్లాహ్ ఆ బృందంతో ఉన్నారు. క్లాసులో నజీర్లుగా చెప్పిన విషయాలు ఇప్పుడు తన ఊరి మీదికే వచ్చాయి. మండలిలో చర్చ మొదలైన రోజుల్లోనే ఇక్కడ అంతా అయిపోయింది. నిజాం ఫిర్యాదును వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించారు. హమీదుల్లాహ్ మాత్రం పారిస్‌లోనే ఉండిపోయారు. ఆయన రాజకీయ వైఖరితో మనం ఏకీభవించాలనేం లేదు, ఏడు దశాబ్దాల తర్వాత దాన్ని తవ్వుకుని లాభమూ లేదు. కానీ దాని మూల్యం ఆయన ఒక్కరే చివరిదాకా చెల్లించారు. భారత పౌరసత్వం తీసుకోలేదు. కొత్త రాజ్యాంగం విషయంలో సలహా ఇవ్వడానికి పిలిస్తే కొంతకాలం పాకిస్తాన్ వెళ్లారు, అక్కడా ఉండలేదు, అక్కడి పౌరసత్వమూ తీసుకోలేదు. ఫ్రాన్స్‌లో అర్ధ శతాబ్దం గడిపినా ఫ్రెంచ్ పౌరుడు కాలేదు. శరణార్థికిచ్చే ప్రయాణ పత్రమే ఆయన పాస్‌పోర్టు. హైదరాబాద్‌లో మళ్లీ ఎప్పుడూ స్థిరపడలేదు.

పారిస్‌లో రూ ద తూర్నోన్ అనే వీధిలో, లిఫ్ట్ లేని పాత భవనంలో పై అంతస్తున చిన్న ఇల్లు. పెళ్లి చేసుకోలేదు. ఇల్లంతా పుస్తకాలు, కాగితాలు. 1954 నుంచి 1978 దాకా ఫ్రాన్స్ జాతీయ పరిశోధన సంస్థలో పనిచేశారు. ఆ గదిలో కూర్చునే 1959లో ఖుర్ఆన్ ఫ్రెంచ్ అనువాదం తెచ్చారు. ఫ్రెంచ్ మాట్లాడే ముస్లింల ఇళ్లలో కొన్ని తరాలు చదివిన అనువాదం అది. అదే ఏడాది ప్రవక్త (స) జీవితం మీద ఫ్రెంచ్‌లో రెండు సంపుటాలు. దానికి ముందే ఇంకో పెద్ద పని చేశారు. సహాబీ అబూ హురైరా (రజి) శిష్యుడైన హమ్మామ్ బిన్ మునబ్బిహ్ రాసుకున్న హదీసుల సహీఫా రాతప్రతులను బెర్లిన్‌లో, డమాస్కస్‌లో గుర్తించి ప్రచురించారు. హదీసులు రెండు వందల ఏళ్ల తర్వాతే కాగితం మీదికి వచ్చాయనే వాదనకు ఆ 138 హదీసులు గట్టి జవాబయ్యాయి.

విద్యార్థులను మాత్రం వదల్లేదు. 1950ల నుంచి ఇరవై ఏళ్లకు పైగా ఏటా కొన్ని నెలలు టర్కీ వెళ్లి ఇస్తాంబుల్, ఎర్జురుమ్ యూనివర్సిటీల్లో పాఠాలు చెప్పారు. మత విద్య చాలాకాలం మూతపడి, మళ్లీ అప్పుడప్పుడే తలుపులు తెరుచుకుంటున్న దేశం అది. తర్వాతి తరం టర్కీ ఇస్లామీయ ప్రొఫెసర్లలో ఆయన శిష్యులు ఎందరో. పారిస్‌లో 1963లో ముస్లిం విద్యార్థుల సంఘం ఏర్పడితే దాని వెనక ఉన్నది ఆయనే. అల్జీరియా, మొరాకో, ట్యునీసియా, ఆఫ్రికా దేశాల నుంచి సైన్సు, వైద్యం చదవడానికి వచ్చిన పిల్లలు. ఇంటికి దూరంగా, కొత్త దేశంలో, రకరకాల ప్రశ్నలతో. మన పిల్లలు ఇప్పుడు అమెరికా, కెనడా, జర్మనీ వెళ్లి ఫోన్ చేసి అడిగే ప్రశ్నలే అవి.

వాటిలో ఒకటి నమాజు, రోజా వేళల గురించి. హైదరాబాద్‌లో ఈ ప్రశ్నే రాదు. మనకు ఎండాకాలానికీ చలికాలానికీ పగటి పొడవులో తేడా సుమారు రెండు గంటలే. యూరప్ ఉత్తరానికి పోయేకొద్దీ పగలు పెరిగి పెరిగి, ఒకచోట సూర్యుడు అసలు అస్తమించనే అస్తమించడు. మరి ఇఫ్తార్ ఎప్పుడు? హమీదుల్లాహ్ చెప్పిన జవాబు ఏంటంటే, భూమధ్యరేఖ నుంచి 45వ అక్షాంశం దాకా సూర్యుడిని బట్టి నడవండి. దాని పైన ఉన్నవాళ్లు 45వ అక్షాంశం దగ్గరి వేళలు పాటించండి. దజ్జాల్ కాలంలో ఒక రోజు ఏడాదంత ఉంటుందని ప్రవక్త (స) చెప్పినప్పుడు సహాబాలు నమాజుల సంగతి అడిగారు, అంచనా కట్టి చదవమని జవాబు వచ్చింది. ఆ హదీసు ఆయనకు ఆధారం. ఆయన చెప్పిన 45 అనే గీతను చాలామంది ఉలమా ఒప్పుకోలేదు. పగలు, రాత్రి స్పష్టంగా ఉన్న ఊళ్లో సూర్యుడిని వదిలి లెక్కను పట్టుకోవడం కుదరదన్నది వాళ్ల మాట. నాకూ ఆ అభ్యంతరంలో బలముందనే అనిపిస్తుంది, ఎందుకంటే ఆ లెక్కన పారిస్ కూడా గీతకు పైనే ఉంటుంది. కానీ క్లాసులో ఈ ప్రశ్న పెట్టి చూడండి. హదీసు, భూగోళం, ఖియాస్, సౌలభ్యం ఎంతవరకు అన్న చర్చ, అన్నీ ఒక్క గంటలో వచ్చేస్తాయి.

ఇంకో సంఘటన ఆయనే స్వయంగా చెప్పారు. పారిస్‌లో చదువుకునే ఒక అఫ్ఘాన్ అమ్మాయిని తోటి విద్యార్థి, డచ్ కుర్రాడు, ఇష్టపడ్డాడు. ఇస్లాం స్వీకరించాడు, నికాహ్ అయింది. మర్నాడే ఆ అమ్మాయి హమీదుల్లాహ్ దగ్గరికి వచ్చింది. భర్తకు నమాజు రాదు, కానీ చదవాలని పట్టుబడుతున్నాడు. తన వెనక నిలబడి చదవొచ్చా అని అడిగింది. మామూలుగా ఏ మౌల్వీ సాహెబ్‌ని అడిగినా కుదరదనే అంటారని ఆయనకు తెలుసు, ఆ అమ్మాయికీ అదే చెప్పారు. అయితే ఉమ్మె వరఖా (రజి) హదీసు ఆయన మనసులో ఉంది. ఆమెకు తన ఇంటివాళ్లకు నమాజు చదివించే అనుమతి ప్రవక్త (స) ఇచ్చారన్న రివాయత్ అది. దాన్ని అసాధారణ పరిస్థితికి ఉద్దేశించిన మినహాయింపుగా తీసుకుని, కొద్దిరోజులు అలా చదవండి, ఈలోగా అతను సూరాలు నేర్చేసుకోవాలి, తర్వాత నువ్వు అతని వెనక చదువు అని సలహా ఇచ్చారు. ఈ జవాబు మన ముఫ్తీ సాహెబులు చాలామందికి నచ్చదు. నియమాన్ని ఆయన మార్చలేదు, మినహాయింపుకు గడువు పెట్టారు. కొత్తగా కలిమా చదివిన ఒక కుర్రాడు మొదటి రోజే నమాజు మానేయకుండా చూడటం అక్కడ ముఖ్యమైంది.

ఈ సంగతి ఆయన చెప్పింది బహావల్‌పూర్‌లో. 1980 మార్చి 8 నుంచి 20 వరకు అక్కడి ఇస్లామియా యూనివర్సిటీలో ఆయన ఉర్దూలో పన్నెండు ప్రసంగాలు చేశారు. అప్పటికి వయసు డెబ్బై దాటింది. చేతిలో కాగితం లేదు. ఖుర్ఆన్ చరిత్ర, హదీసు చరిత్ర, ఫిఖ్హ్ చరిత్ర, ఉసూలె ఫిఖ్హ్ మరియు ఇజ్తిహాద్, అంతర్జాతీయ చట్టం, ఇలా రోజుకో విషయం. ప్రతి ప్రసంగం తర్వాత ప్రశ్నలు. వాటిలో మంచివీ ఉన్నాయి, తిక్కవీ ఉన్నాయి. అన్నిటికీ ఒకే తీరుగా, కోపం లేకుండా జవాబిచ్చారు. తెలియని చోట తెలియదన్నారు. ముఆజ్ బిన్ జబల్ (రజి)ను యమన్‌కు పంపేటప్పుడు ఖుర్ఆన్‌లోనూ సున్నత్‌లోనూ దొరక్కపోతే ఏం చేస్తావని ప్రవక్త (స) అడగడం, సొంత ఆలోచనతో ప్రయత్నిస్తానని ముఆజ్ చెప్పడం మనం విన్నదే. ఆయన దాన్ని గురువు శిష్యుడికి పెట్టిన పరీక్షలా, చట్టం ఎదగడానికి తెరిచిన తలుపులా వివరిస్తారు.

ఆ ప్రసంగాలను టేపుల నుంచి రాసి 'ఖుత్బాతె బహావల్‌పూర్' పేరుతో అచ్చువేశారు. ఎన్ని ముద్రణలు వచ్చాయో లెక్కలేదు. ఇంగ్లీషులో కూడా ఉంది. మీ ఇంట్లో లా చదివే పిల్లలుంటే మొదటి ప్రసంగం నుంచి కాకుండా మూడు, నాలుగు, ఐదు ముందు చదవమనండి. ఉర్దూ చదవడం రానివాళ్లు ఇంట్లో పెద్దవాళ్ల చేత చదివించుకుని వినొచ్చు. అసలు మాట్లాడిందే కాబట్టి చెవికి చక్కగా ఎక్కుతుంది. ప్రశ్నలు, జవాబుల భాగం దాటేయొద్దు, సగం చదువు అక్కడే ఉంది.

1985లో పాకిస్తాన్ ప్రభుత్వం హిలాలె ఇమ్తియాజ్ ఇచ్చి గౌరవించింది. దానితో వచ్చిన డబ్బును ఆయన ఇస్లామాబాద్‌లోని ఇస్లామీయ పరిశోధన సంస్థకే ఇచ్చేశారు. అక్కడి లైబ్రరీకి ఇప్పుడు ఆయన పేరే ఉంది. కుర్రతనంలో హైదరాబాద్ అచ్చులో చదివిన సరఖ్సీ వ్యాఖ్యానాన్ని మాత్రం ఆయన మర్చిపోలేదు. ఎనభై దాటిన వయసులో దాని పూర్తి ఫ్రెంచ్ అనువాదం బయటికి తెచ్చారు. 1989–91 మధ్య అంకారాలో నాలుగు సంపుటాలుగా వచ్చింది.

1996లో పారిస్‌లో ఆరోగ్యం బాగా దెబ్బతింది. ఆ మెట్లెక్కి ఒంటరిగా ఉండే పరిస్థితి లేకపోవడంతో అన్నగారి మనవరాలు వచ్చి అమెరికా తీసుకెళ్లారు. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో 2002 డిసెంబర్ 17న ఆయన కన్నుమూశారు. వయసు 94. అక్కడే ఖననం చేశారు.